ఎలుక తిన్న తోక

ఫెంగ్ వదిన పెరట్లో క్యాబేజీ ఊరవేసే పని సగంలో ఉండగా ఆ కబురు వచ్చింది. పొయ్యి మీద ఇనప బానలో నీళ్ళు తెర్లుతున్నాయి. ఫెంగ్ వదిన ఒక్కో క్యాబేజీని మొదలు పట్టుకుని బానలో ముంచి తీస్తోంది. పక్కింటి యూచిన్ వాటిని చల్లార్చి, పెద్ద జాడీలో గుండ్రంగా పేర్చి, వరసకీ వరసకీ మధ్య ఉప్పు చల్లుతోంది. చలికాలమంతా ఆ పులుపే ఊరికి కూర.

"కౌంటీ ఆఫీసులో మన ముసలి మూ ఇచ్చిన పక్షి రాయిని ఎలుక కొరికేసిందట," అన్నాడు ఫెంగ్ వదిన మొగుడు ట్రాక్టరు దిగుతూనే. "తోక ఊడి బీరువాలో పడి ఉందట."

"రాయిని ఎలుక కొరకడమేంటయ్యా, పొద్దున్నే తాగొచ్చావా?"

"ఆఫీసరు బియెన్ కూడా అదే అన్నాడట. ఎలుక రాయిని తినదు. తిన్నదంటే అది రాయి కాదు. నకిలీ సరుకు అంటగట్టి సన్మానపు ఎర్రపువ్వు పెట్టించుకుని పోయాడు మీ ఊరి ముసలాడని ఆఫీసంతా ఒకటే నవ్వులు."

ఫెంగ్ వదిన చేతిలో క్యాబేజీ బానలోకి జారిపోయింది. కళ్ళు తుడుచుకుని మరీ నవ్వింది. "సర్కారు వారి ఎలుకలు కదా, గోధుమలు మొహం మొత్తి ఉంటాయి," అంది.

యూచిన్ నవ్వలేదు. పిడికిట్లో ఉన్న ఉప్పంతా ఒకే చోట పడిపోయింది. ఆ రాయిలో పిండి ఉందని ఈ భూమ్మీద తెలిసినది తన ఒక్కదానికే. పిండిని అందులో పెట్టింది తనే మరి.

"అయ్యో, అక్కడ కుప్ప పోశావేంటి?" అని ఫెంగ్ వదిన చెయ్యి పెట్టి ఉప్పు సర్దింది. యూచిన్ ఏదో గొణిగి, పొయ్యి మీద గంజి ఉందని అబద్ధమాడి ఇంటికి వచ్చేసింది.

ఆ లియావ్‌నింగ్ కొండల కింద ఏ గుంట తవ్వినా పుస్తకంలో కాగితాల్లా పొరలు పొరలుగా విడిపోయే రాళ్ళు. ఆ పొరల మధ్య ఎప్పుడో రాయైపోయిన చేపలు, తూనీగలు, ఈకలతో సహా పక్షులు, పక్షులు కాబోయి ఆగిపోయిన డైనోసార్లు. ఊళ్ళో అందరూ వాటిని డ్రాగన్లంటారు. వాటిని అమ్మడం నేరమని కౌంటీ వాళ్ళు వచ్చి గోడల మీద ఎర్రరంగుతో రాసిపోయారు. ఆ గోడలకి ఆనుకుని కూర్చునే జనం బేరాలాడుతుంటారు. బేరంలో రాయి నిజమేనా అని అడిగినవాడు ఇంతవరకు లేడు. అడిగే మాట ఒక్కటే. నిండుగా ఉందా?

నిండుగా ఉండటం అంటే తల, రెండు రెక్కలు, రెండు కాళ్ళు, తోక. భూమిలోంచి రాయి ఎప్పుడూ అలా రాదు. గునపం తగిలి పగులుతుంది, ఒక కాలు గుంటలోనే ఉండిపోతుంది. ఆ అరకొరని నిండు చేసే పని యూచిన్‌ది. గుడ్డచెప్పులు కుట్టడంలో ఆ చుట్టుపక్కల ఆమెకి సాటి లేరు. పాతగుడ్డల్ని పిండి జిగురుతో పొర మీద పొర అంటించి, ఎండబెట్టి, మొన వాడి ఆరెతో గుచ్చి కుట్టి చెప్పుల అడుగులు చేసేది. ఆ చేతులే రాళ్ళకి అలవాటు పడ్డాయి. పగులు అంచుని ఆకురాయితో చదును చేస్తుంది. రాలిన పొడిని పారేయదు, జిగురులో కలుపుతుంది. అదే రాయి పొడి కాబట్టి రంగు ఇట్టే కలిసిపోతుంది. పైన పలచని టీ నీళ్ళు ఒక పూత. ఆ తర్వాత అతుకు ఎక్కడుందో ఆమె కూడా తడిమే చెప్పాలి.

ఆమె దాన్ని మోసం అనుకోలేదు. చిరిగిన చొక్కాకి మాసిక వేస్తే మోసం అంటారా?

ముసలి మూ రాయి సంగతి వేరు. ఆయన దాన్ని అమ్మలేదు. బావి పక్కన నీళ్ళకాలవ తవ్వుకుంటుంటే దొరికిందది. నోట్లో పళ్ళు, రెక్కల చివర గోళ్ళు ఉన్న పక్షి. కొనేవాళ్ళు గుమ్మం దగ్గర సిగరెట్లు పట్టుకుని నిలబడితే, "ఇది దేశానిది, మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉంటుంది, కింద చీటీ మీద నా పేరుంటుంది," అని పంపించేశాడు. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. పేరు ఎక్కడో ఒకచోట ఉండాలని ఆయన ఆశ. మర్నాడే ఆఫీసు జీపు వస్తుందనగా సాయంత్రం రాయిని దుప్పట్లో చుట్టుకుని యూచిన్ దగ్గరికి వచ్చాడు. "మూడు ముక్కలైంది అమ్మాయ్. అతికి పెట్టు చాలు," అన్నాడు.

ముక్కలు అతికింది. చూస్తే తోక దగ్గర రాయి తెగిపోయి ఉంది. పండక్కి బల్ల మీద పెట్టే కోడికి కూడా తలా తోకా రెండూ ఉంచుతారే, దేశానికిచ్చే పక్షి మొండిగా వెళ్ళడమేంటి అనిపించిందామెకి. ముక్కల పెట్టెలో వెతికితే సరిగ్గా సరిపోయే పొడుగాటి తోక ఒకటి దొరికింది. చర్మాలు ఉడికించి చేసే అసలు జిగురు ఆ రోజు అయిపోయింది. చెప్పుల కోసం కాచిన పిండి జిగురు గిన్నెలో ఉంది. అద్దాల పెట్టెలోకి వెళ్ళే రాయే కదా అని దాంతోనే కానిచ్చింది.

అది అద్దాల పెట్టెలోకి వెళ్ళలేదు. వానాకాలమంతా ఆఫీసు బీరువాలో ఉంది.

మొగుడు దెషాన్ అన్నం ముందు కూర్చుని అంతా విన్నాడు. వెల్లుల్లి రెబ్బ కొరుకుతూ, "నువ్వు నోరు మెదపకు," అన్నాడు. "నీ పేరు అందులో ఎక్కడుంది? రాయి ఇచ్చింది ఆయన, పువ్వు పెట్టించుకుంది ఆయన."

"తోక పెట్టానని ఆయనకి తెలీదు. నేను చెప్పలేదు."

"ఇంకా మంచిది. తెలియనివాడు ఏం చెబుతాడు? నాలుగు రోజులు నవ్వుతారు, మర్చిపోతారు. నువ్వెళ్ళి నేనే అన్నావనుకో, ఈ పెట్టె, ఈ ఆకురాళ్ళు, అన్నీ ఆ జీపులోకే. వెనక నువ్వు. అప్పుడు నాకు అన్నం ఆ ఎలుక వండిపెడుతుందా?"

"పెడితే తిను," అని గంటె గిన్నెలో పడేసి లేచింది యూచిన్.

మర్నాడు ఆమె ఏ పనీ కుదురుగా చెయ్యలేకపోయింది. బల్ల మీద ఎవరిదో పక్షి, పాదం లేనిది, ఎదురుచూస్తోంది. పెట్టెలోంచి పాదం తీసి అమర్చి, వెనక్కి జరిగి చూస్తే కుడికాలికి ఎడమ పాదం పెట్టింది. ఊడదీసింది. ఆరె మొన విరిగింది. ఇక లాభం లేదని ఆవిరి మీద వండిన రొట్టెలు గిన్నెలో పెట్టుకుని ముసలి మూ ఇంటికి బయలుదేరింది.

దారిలో గ్రామ ఆఫీసు గోడ మీద ఆయన ఫొటో లేదు. నిన్నటిదాకా అక్కడ నీలం కోటు తొడుక్కుని, గుండె మీద క్యాబేజీ అంత ఎర్ర కాగితప్పువ్వు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడి ఉండేవాడు. ఇప్పుడు ఆ జాగాలో సున్నం మాత్రం కొంచెం తెల్లగా కనిపిస్తోంది. అరుగు మీద చదరంగం ఆడేవాళ్ళలో ఒకడు పిల్లి కూత కూసి, "ముసలాయన రాళ్ళ కాపలాకి పిల్లిని పెంచుతాడేమో," అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. యూచిన్‌కి ఒళ్ళు మండింది, కానీ ఎవరి మీద మండాలో తెలియలేదు.

ముసలి మూ వాకిట్లో ముక్కాలి పీట మీద కూర్చుని జొన్న కంకులు చీపుళ్ళకి దువ్వుతున్నాడు. ఆమెని చూసి పీట జరిపాడు.

"పెదనాన్నా, రొట్టెలు తెచ్చాను."

"పెట్టు. నల్లకోడి గుడ్లు మానేసింది అమ్మాయ్. చలి ముందొచ్చేలా ఉంది ఈ ఏడు."

"ఊళ్ళో ఏదో అనుకుంటున్నారు."

"ఊరన్నాక అనుకోకుండా ఉంటుందా." కంకి తిప్పి మళ్ళీ దువ్వాడు. ఇప్పుడు చెప్పెయ్యాలి, ఈ కంకి అయ్యాక, ఆ తర్వాతి కంకి అయ్యాక అని యూచిన్ నిలబడే ఉంది. కోళ్ళు ఆమె కాళ్ళ చుట్టూ తిరిగి, ఆమె చేతిలో గింజల్లేవని తెలుసుకుని వెళ్ళిపోయాయి.

"గిన్నె తర్వాత తీసుకెళ్తావా?" అన్నాడాయన.

ఆమె తలూపి వచ్చేసింది. ఇంటిదాకా తనని తాను తిట్టుకుంటూనే ఉంది.

ఆ పొద్దు వాలేలోపు ఫెంగ్ వదిన గోడ మీంచి తల పెట్టింది. మొహంలో నవ్వు లేదు. "విన్నావా? అతికింది ఎవరని ఆఫీసు వాళ్ళు అడిగితే, నేనేనన్నాడట ముసలాయన. నా చేత్తో నేనే అతికానని వేలిముద్ర కూడా వేసొచ్చాడట. రేపు బీజింగ్ నుంచి రాళ్ళు చదివే టీచరమ్మ వస్తోంది. ఆమె నకిలీ అని తేల్చేస్తే స్టేషన్‌కి పంపుతారంటున్నారు. ఈ వయసులో ఆయనకిదేం బుద్ధి?"

యూచిన్ గోడకి చెయ్యి ఆనించింది. రెండు రోజులుగా ఆమె భయమల్లా ఆయన తన పేరు చెబుతాడేమోనని. ఆ భయం ఇప్పుడు సిగ్గయి కూర్చుంది. తోక సంగతి తెలియనివాడైతే తెలియదని చెబుతాడు. తెలిసే తన మీద వేసుకున్నాడు.

పొద్దున్నే దెషాన్ ఇంకా వెచ్చటి ఇటుకల మంచం మీద గురకపెడుతుండగానే ఆరె, మెత్తటి గుడ్డ, చిన్న ఆవిరి గిన్నె సంచిలో వేసుకుని కౌంటీ బస్సెక్కింది.

ఆఫీసు వరండాలో బల్ల మీద ముసలి మూ కూర్చుని ఉన్నాడు, అదే నీలం కోటు, మెడదాకా గుండీలు. ఆమెని చూసి మొహం చిట్లించాడు.

"నీకిక్కడేం పని? ఇంటికి పో."

"మీరు నోరు మూసుకోండి పెదనాన్నా," అంది యూచిన్. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకే నమ్మకం కలగలేదు.

లోపల పొడుగాటి బల్ల మీద రాయి. పక్కన తోక ముక్క. ఆఫీసరు బియెన్ నిలబడి టీ తాగుతున్నాడు. కుర్చీలో పొట్టి జుట్టు, మోచేతుల దగ్గర అరిగిన స్వెట్టరు వేసుకున్న ఒకావిడ భూతద్దంతో అతుకు చూస్తోంది. బీజింగ్ నుంచి వచ్చిన లాన్ టీచరమ్మ ఆవిడే.

"ఇది అతికింది నేను," అంది యూచిన్ గుమ్మంలోనే.

బియెన్ నిట్టూర్చాడు. "చూడమ్మా, పెద్దాయన మీద జాలి మాకూ ఉంది. నిన్న ఒకడొచ్చి ఆయనకి మతి సరిగా లేదన్నాడు. ఇవాళ నువ్వొచ్చి నేనే అంటున్నావ్. రేపు ఊరంతా వచ్చి తలా ఒక ఈక పెట్టామంటారు."

"దాని మాట నమ్మకండి," అన్నాడు వెనకే వచ్చిన ముసలి మూ. "నేనే పెట్టాను."

లాన్ టీచరమ్మ భూతద్దం దించింది. "దేంతో అతికారు తాతా?"

"జిగురుతో."

"ఏం జిగురు?"

ఆయన కాసేపు పైకప్పు చూశాడు. "అంటుకునే జిగురు."

బియెన్ టీ గొంతుకి అడ్డుపడి దగ్గాడు. యూచిన్ సంచి విప్పింది. "గోధుమపిండి, రాయి పొడి, కొంచెం పటిక. అతుకులో నీలం పోగులు కనిపిస్తాయి చూడండి. చెప్పుల గుడ్డవి. గిన్నె సరిగ్గా కడగలేదు."

"కనిపించాయి," అంది లాన్ టీచరమ్మ. "నూలు పోగులని అప్పుడే అనుకున్నాను. మిగిలిన జిగురు తియ్యగలరా? రాయి చెదరకూడదు."

బియెన్ వద్దనబోయాడు కానీ ఆవిడ కుర్చీ జరిపి జాగా ఇచ్చింది. యూచిన్ గుడ్డని ఆవిరి పట్టించి అతుకు మీద పరిచింది. జిగురు మెత్తబడ్డాక ఆరెని పడుకోబెట్టి, అడుగు గుడ్డలోంచి తప్పుకుట్టు లాగినట్టు, కొంచెం కొంచెంగా కదిపింది. బూడిదరంగు పేస్టు పేడులు పేడులుగా లేచి వచ్చింది. ఎలుక పళ్ళు పడిన చోట అది ఇదివరకే లేదు. చివరికి రాయి తన అసలు అంచుతో మిగిలింది. ఆ పనిలో ఉన్నంతసేపూ యూచిన్‌కి గుండెలో గుబులు లేదు. చేతులకి పనుంటే ఆమె ఎప్పుడూ అంతే.

"బాగా చేశారు," అంది లాన్ టీచరమ్మ. ముందుగా ఊడిన తోకని చేతిలోకి తీసుకుంది. "ఇది ఏ గుంటలోది?"

"తెలీదండీ. ముక్కల పెట్టెలోది."

"దీని ఒళ్ళు?"

యూచిన్‌కి ప్రశ్న అర్థం కాలేదు. ఆ పెట్టెలో తోకలున్నాయి, పాదాలున్నాయి, రెక్క కొసలున్నాయి. ఆమెకి అవన్నీ గుండీల డబ్బాలో గుండీలు. వాటికి ఒళ్ళు ఉండేదని ఎన్నడూ తట్టలేదు.

"ఇది కూడా నిజమైనదేనమ్మా," అంది టీచరమ్మ. "నేల మీద పరిగెత్తే చిన్న డైనోసార్ తోక. ఎవరిదో ఇక తెలియదు." దాన్ని దూది మీద పడుకోబెట్టి, రాయి వైపు తిరిగింది. అంచు దగ్గర భూతద్దం పెట్టి చాలాసేపు వంగే ఉంది. లేచినప్పుడు ఆవిడ గొంతు మారింది.

"ఇక్కడ ఆకురాయి గీతలున్నాయి. ఈ చోట ఏముండేది?"

"ఏమీ లేదండీ. తోక తెగిపోయి ఉంది. చిన్న మొట్ట ఒకటి పైకి లేచి ఉండేది. ముక్క కూర్చోవడానికి అడ్డమైతే అరగదీశాను."

"మొట్ట అంటే?"

"శనగగింజంత. నాలుగైదు పూసలు వచ్చి, చివర అవన్నీ ముద్దయిపోయి..." యూచిన్ మాట అక్కడ ఆగింది. టీచరమ్మ మొహం చూసి ఆగింది.

లాన్ టీచరమ్మ కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు తీసి స్వెట్టరుతో తుడుచుకుంది. కోపం చేసుకోలేదు. కోప్పడితే యూచిన్‌కి కొంత తేలిగ్గా ఉండేది.

"పక్షులన్నీ డైనోసార్లలోంచి వచ్చినవేనమ్మా," అంది నెమ్మదిగా. "పొడుగు తోకతో పరిగెత్తేవి. అవి గాలికి అలవాటు పడే దారిలో తోక కురచయింది. చివరి వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి మొట్టలా తయారయ్యాయి. మీ కోడి తోక కింద తడమండి, ఇవాళ్టికీ ఉంది ఆ ఎముక. సగం పూసలు విడిగా, సగం అతుక్కుని, ఆ మార్పు మధ్యలో ఉన్న రాయి కోసం నేను వెతకని గుంట లేదు."

"ఎముకలు వాటంతటవే అతుక్కుంటాయా?" అన్నాడు ముసలి మూ.

"అతుక్కుంటాయి తాతా. చాలా కాలం పడుతుంది."

యూచిన్‌కి ఇప్పుడు పూర్తిగా తెలిసింది. ఆ పక్షికి తోక లేకపోవడం కాదు. ఉన్న తోకే అంత. రాయి భూమిలోంచి వచ్చిననాడే నిండుగా వచ్చింది. ఆ ఊళ్ళో ఎవరి గునపానికీ దొరకని నిండు రాయిని తన చేతులతో తనే మొండి చేసి, దాని మీద ఎవరిదో తోక పెట్టింది.

"ఆ అరగదీసిన పొడి ఉందా?" అన్నాడు బియెన్, ఆశగా.

ఆమె ఎవరి మొహమూ చూడలేకపోయింది. "జిగురులో కలిపానండీ. రంగు కలవడానికి. ఆ జిగురే ఎలుక తిన్నది."

బియెన్ టీ కప్పు బల్ల మీద పెట్టి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"తోక పెట్టావని నాకు ఆ రోజే తెలుసు," అన్నాడు ముసలి మూ ఆమెతో. "తవ్వినవాణ్ణి నేను, నాకు తెలీదా. దుప్పటి విప్పితే ఇంత పొడుగు తోక. బాగుంది అనుకున్నాను. ఎవరైనా అడిగితే అప్పుడు చూద్దాంలే అనుకున్నాను. మీ పెద్దమ్మ పోయిననాడు ఆమెకి తొడిగే ఆఖరి చెప్పులు ఎవరూ అడక్కుండా నువ్వే కుట్టి తెచ్చావ్. నీ పేరు నా నోటితో ఎలా చెప్పేది?" బల్ల మీది రాయి కేసి చూసి, "కానీ ఉన్నదాన్ని అరగదీశావని తెలీదు," అన్నాడు.

ఆ చివరి మాటలో గొంతు హెచ్చలేదు. అయినా యూచిన్‌కి చెంపదెబ్బ తిన్నట్టే అనిపించింది.

లాన్ టీచరమ్మే ముందు తేరుకుంది. "తాతా, రాయి విడిపోయినప్పుడు రెండు మొహాలొస్తాయి కదా. ఒకదానికి ఎముకలు, ఎదురుదానికి వాటి అచ్చు. ఆ రెండో పలక ఏది?"

"అదా? దాని మీద ఏముంది, ఉత్త గుంటలు. కోళ్ళగూటి గుమ్మానికి మెట్టు వేశాను."

బియెన్ అప్పటికే జీపు తాళాలు తీస్తున్నాడు.

జీపులో వస్తున్నంతసేపూ యూచిన్ మోకాళ్ళ మధ్య చేతులు బిగించి కూర్చుంది. వానాకాలమంతా ఆ మెట్టు మీద కోళ్ళ గోళ్ళు, ముసలాయన పార, వాన నీళ్ళు. ఏం మిగిలి ఉంటుంది? ఒక్క గుంట, శనగగింజంత. దాని మీదే అంతా ఆధారపడి ఉంది. అది లేకపోతే ముసలాయన రాయి తోక అరిగిన సగం రాయి. ఏ అద్దాల పెట్టె దాన్ని తీసుకోదు, ఏ చీటీ మీద ఆయన పేరు పడదు. చదరంగం అరుగు దగ్గర జీపు మలుపు తిరిగితే జనం ఆట ఆపి లేచారు. ముసలాయనని తీసుకుపోవడానికి కాక, తీసుకురావడానికి జీపు రావడం వాళ్ళకి వింతగా ఉంది.

కోళ్ళగూటి ముందు మెట్టు ఉంది. పైవైపు నున్నగా, రెట్టలు పేరుకుని ఉంది.

"గుంటలవైపు కిందకి పెట్టాను," అన్నాడు ముసలి మూ. "కోళ్ళ కాళ్ళు ఇరుక్కుంటాయని."

లాన్ టీచరమ్మ ఊపిరి వదిలిన చప్పుడు అందరికీ వినిపించింది.

పలక పక్కనుంచి సన్నటి పగులు ఒకటి లోపలికి పోతోంది. దాన్ని చూడగానే యూచిన్ ముందుకి వంగింది. పగులు కనిపిస్తే ఆమె చేతులు ఆమె మాట వినవు. వేళ్ళు రాతిని తాకబోతుండగా ముసలి మూ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"నువ్వు ముట్టుకోకు అమ్మాయ్."

అంత మాట ఆయన ఎన్నడూ ఎవరినీ అనలేదు. యూచిన్ రెండడుగులు వెనక్కి జరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఏడుపొచ్చింది. అది న్యాయమైన మాటేనని తెలిసి ఇంకా ఎక్కువ వచ్చింది.

ముసలాయనే వంగాడు, టీచరమ్మ రెండో వైపు పట్టుకుంది. ఎత్తుతుంటే పలక ఆ పగులు దగ్గర రెండుగా విడిపోయింది. తిప్పి నేల మీద పెట్టారు. అడుగున తడిమట్టి, వానపాములు. కోళ్ళన్నీ ఎగబడ్డాయి. నల్లకోడి పలక ఎక్కి, రెక్కల అచ్చు మీద నిలబడి ఒక పురుగుని పొడుచుకు తింటోంటే బియెన్ టోపీతో అదిలించాడు. ముసలి మూ చెంబుతో నీళ్ళు పోశాడు. మట్టి కరిగి పారింది. మెడ వచ్చింది, పళ్ళున్న మూతి వచ్చింది, రెక్కల గోళ్ళు వచ్చాయి. అన్నీ గుంటలుగా, తిరగేసి.

టీచరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, ఒళ్ళు చివరకి భూతద్దం పెట్టింది. యూచిన్‌కి అక్కణ్ణుంచి ఆవిడ వీపు తప్ప ఏమీ కనపడలేదు.

"ఉంది," అంది టీచరమ్మ.

వేలితో చూపించింది. చిన్న గుంటలు వరసగా, ఒకదాని పక్కన ఒకటి. ఆ తర్వాత అన్నీ కలిసిపోయి ఒకే ఒక్క గుంట. ముసలి మూ వంగి చూసి, "ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే తాతా."

"ఈ పాటిదానికి నేను స్టేషన్‌కి వెళ్ళబోయానా." ఆయన మొదటిసారి నవ్వాడు. పై పళ్ళలో రెండు లేవు.

పలక ముక్కలు రెంటినీ విడివిడిగా దూదిలో చుట్టారు. పగులు అలాగే ఉండాలంది టీచరమ్మ. అతకడం పని తర్వాత, ఆ పని తెలిసినవాళ్ళు, రాసుకుంటూ చేస్తారంది. జీపెక్కే ముందు బియెన్ యూచిన్‌ని పక్కకి పిలిచాడు. "ఇవాళ నువ్వొచ్చి చెప్పావు కాబట్టి నేను మీ ఇంట్లోకి రావడం లేదు. ఇంకోసారి నీ చేతి అతుకు నా బల్ల మీదకి వస్తే వస్తాను." ఆమె తలూపింది. ముసలి మూ అప్పటికే టీచరమ్మకి తన పేరు ఎలా రాయాలో, ఏ గీత ముందో, గాల్లో వేలితో రాసి చూపిస్తున్నాడు.

సాయంత్రానికి ఊరి నవ్వు ఇల్లు మారింది. ఎలుకకి విందు పెట్టిన యూచిన్ అని చదరంగం అరుగు మీద పేరు పడిపోయింది. అన్నం తిన్నాక దెషాన్ బల్ల మీద పాదం లేని పక్షిని చూపించి, "దీని సంగతేంటి?" అన్నాడు.

"అలాగే తిరిగిచ్చెయ్."

"పాదం లేకుండానా?"

"దానికి లేదు, నేనేం చెయ్యను," అంది.

ఆమె బల్ల మీద రాళ్ళు అరగదీసే నల్ల బండ ఒకటుంది. మధ్యలో చెయ్యి తిరిగినంత మేర అద్దంలా అరిగిపోయింది. మర్నాడు పొద్దున దాన్ని చీపురుతో కడిగి, గోనెసంచిలో వేసి, ముసలి మూ వాకిలిదాకా ఈడ్చుకెళ్ళింది. ఆయన చీపుళ్ళు కడుతూ చూస్తున్నాడు. కోళ్ళగూటి ముందు పాత మెట్టు లేచిన చోట మట్టి సర్ది బండని కూర్చోబెట్టింది. మెట్టు కంటే అది కురచ. గుమ్మానికీ దానికీ మధ్య బెత్తెడు ఖాళీ మిగిలింది.

యూచిన్ అక్కడే కూర్చుని ఆ ఖాళీ కేసి చూసింది.

"మట్టి తెచ్చి పూడ్చమంటారా పెదనాన్నా?"

ముసలి మూ చీపురు పక్కన పెట్టి, మెడ చాచి చూశాడు.

"వద్దులే," అన్నాడు. "అవి ఎగురుతాయిగా."